వైర్ బ్యాండు: ‘పింక్ ఫ్లాగ్’ చేసినవాళ్లూ ‘154’ చేసినవాళ్లూ ఒకళ్లేనా?

మియాపూర్_స్ట్రాట్:

అందరికీ నమస్తే. ఇక్కడ చాన్నాళ్ల నుంచి చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. తెలియక అడిగితే తిట్టకండి.

గిటార్ పట్టుకుని మూడేళ్లయింది. ముగ్గురం దోస్తులం కలిసి ఆదివారాలు వాయిస్తుంటాం. మొన్న ఎలాస్టికా వాళ్ల ‘కనెక్షన్’ పాట రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) వాయిస్తుంటే మా డ్రమ్మర్‌గాడు "అది వాళ్లది కాదురా, పాతోళ్ల దగ్గర లేపేశారు" అన్నాడు. వెతికితే వైర్ అనే ఇంగ్లండ్ బ్యాండు దొరికింది, పాట పేరు ‘త్రీ గర్ల్ రుంబా’. నిమిషంన్నర కూడా లేదు. రిఫ్ మాత్రం అచ్చు అదే.

మర్నాడు కోచింగ్‌కు దిల్‌సుఖ్‌నగర్ పోతూ మెట్రోలో ఆ ఆల్బమ్ మొత్తం పెట్టా. ‘పింక్ ఫ్లాగ్’, 1977. అందులో 21 పాటలు. మియాపూర్‌లో సీటు దొరికాక మొదలుపెడితే మూసీ దాటకముందే అయిపోయింది! మధ్యలో ఒక పాట మొదలైందా అనుకునేలోపే తర్వాతది వచ్చేసింది. ఫోన్ పాడైందేమోనని రెండుసార్లు తీసి చూసుకున్నా.

బాగా నచ్చింది. దాంతో అదే బ్యాండు 1979లో చేసిన ‘154’ పెట్టా. ఇది వేరే లోకం. కీబోర్డులు, మంచులో నడుస్తున్నట్టు మెల్లగా పోయే పాటలు, ఒకటైతే దాదాపు ఏడు నిమిషాలుంది. పాడే గొంతు కూడా కొన్నింట్లో వేరేగా ఉంది. మా డ్రమ్మర్ ఏమంటాడంటే, ఒకే పేరుతో రెండు బ్యాండులుంటాయి, ఇది ఆ వైర్ కాదు అని. నేను కాదు అదే అన్నా. బిర్యానీ పందెం వేసుకున్నాం.

రెండేళ్లలో ఇంత తేడా ఎట్ల వస్తది? అసలు వీళ్ల కథేంటి? ఇప్పుడు ఏది వినాలి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.


మూడుతంత్రులు:

మనుషులు ఒకళ్లే. బ్యాండు మాత్రం వేరే. పంక్ (పొట్టిగా, మొరటుగా, కోపంగా వాయించే రాక్) అనే బస్సెక్కి, టికెట్ కొనకుండా రెండు స్టాపులు పోయి దిగిపోయిన ఆర్ట్ కాలేజీ బాబులు. ‘పింక్ ఫ్లాగ్’ వరకు విను, చాలు. ఆ తర్వాతవన్నీ గడ్డం నిమురుకుంటూ వినేవాళ్ల కోసం. పంక్ కావాలంటే క్లాష్ ఉంది, బజ్‌కాక్స్ ఉంది. ప్రయోగం ప్రయోగం అంటారు గానీ పాట మధ్యలో వదిలేసి పోవడం కూడా ప్రయోగమేనా?


ఆడియోరూమ్_మూర్తి:

మియాపూర్ బాబూ, బిర్యానీ నీదే. రెండు ఆల్బముల్లోనూ అదే నలుగురు. పాడుతూ గిటారు వాయించేది కాలిన్ న్యూమన్, ఇంకో గిటారు బ్రూస్ గిల్బర్ట్, బేస్ గ్రాహం లూయిస్, డ్రమ్స్ రాబర్ట్ గోటోబెడ్. ‘154’లో కొన్ని పాటలు లూయిస్ పాడాడు. నూతిలోంచి మాట్లాడినట్టు వినబడే ఆ లోగొంతు ఆయనదే. మీ డ్రమ్మర్ అక్కడ బోల్తా పడ్డాడు.

మూడుతంత్రులు గారూ, మీ సంగతి తర్వాత చూస్తాను.

ముందు నా గోల కాస్త వినాలి. కాకినాడలో ఒక కాలేజీలో ఆడియో విజువల్ టెక్నీషియన్‌ని నేను. 27 ఏళ్లుగా అదే గది, అదే ఇనప బీరువా. మైకులు, ప్రొజెక్టర్లు, పిల్లలు కాళ్లకింద తొక్కి తెంపిన కేబుళ్లు. పాతికేళ్ల కిందట మా మేనల్లుడు డల్లాస్ నుంచి వస్తూ నాలుగు సీడీలు పట్టుకొచ్చాడు, వాటిలో ‘పింక్ ఫ్లాగ్’ ఒకటి. అట్ట మీద నీలాకాశం, ఒక స్తంభం, దానికి గులాబీ రంగు జెండా. అంతే, ఇంకేం లేదు. బ్యాండు వాళ్ల మొహాలైనా లేవు. విన్నాను, బాగుందనుకున్నాను, పక్కన పెట్టాను. తర్వాత ఎప్పుడో వీళ్ల గురించి చదువుతుంటే ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. బ్యాండు మొదలైనప్పుడు బ్రూస్ గిల్బర్ట్ ఏం చేస్తున్నాడంటే, వాట్‌ఫర్డ్ ఆర్ట్ కాలేజీలో ఆడియో విజువల్ టెక్నీషియన్! నా ఉద్యోగం! అప్పటికి ఆయనకు 30 ఏళ్లు. పంక్ లెక్కన ముసలాడు. న్యూమన్ అక్కడే విద్యార్థి. స్టూడెంటూ, కాలేజీ టెక్నీషియనూ కలిసి బ్యాండు పెట్టడం మా కాలేజీలో అయితే ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు వెళ్లేది.

వాట్‌ఫర్డ్ లండన్‌కి వాయవ్యంగా ఉన్న ఊరు, రైలెక్కితే అరగంట పట్టదు. మూడుతంత్రులు గారు ఆర్ట్ కాలేజీ బాబులని ఎకసెక్కం చేశారు గానీ అక్కడే అసలు విషయం ఉంది. ఆ రోజుల్లో ఆ కాలేజీలో పీటర్ ష్మిట్ అనే చిత్రకారుడు పాఠాలు చెప్పేవాడు. పని ముందుకు కదలకపోతే ఒక కార్డు తీసి, దాని మీద రాసినట్టు చేసి చూడమనే పేకముక్కల దొంతర ఒకటి ఆయనా సంగీతకారుడు బ్రయాన్ ఈనో కలిసి 1975లో అచ్చేశారు. ఆ గాలి పీల్చినవాళ్లు గిటారు పట్టుకుంటే, ఇది ఎందుకు ఇలాగే ఉండాలి అని అడగకుండా ఉంటారా?

1976లో లండన్‌లో మొదలైనప్పుడు వీళ్లు ఐదుగురు. జార్జ్ గిల్ అనే ఆయన ముఖ్యుడు. పాటలు చాలావరకు ఆయనవే, సోలోలూ (పాట మధ్యలో గిటారు ఒక్కటే రెచ్చిపోయే ముక్కలు) ఆయనవే. 1977 మొదట్లో ఆయన కాలు విరిగి రిహార్సల్స్‌కి రాలేకపోయాడు. సరే కదా అని మిగతా నలుగురూ ఆయన లేకుండానే వాయించుకున్నారు. సోలోలు లేకపోయేసరికి పాటలు చిక్కిపోయాయి, గట్టిపడ్డాయి. ఇదేదో బాగుందే అనుకున్నారు. ఆయన్ని పంపేశారు. పాపం అనిపిస్తుంది, ఆయన లేని బ్యాండే వైర్ అయింది మరి.

ఇక్కడ నా పని గురించి ఒక మాట చెబుతాను. హాల్లో గుయ్‌మని హమ్ వస్తోందనుకోండి. కొత్త కుర్రాడు ఏం చేస్తాడంటే మిక్సర్ మీద ఉన్న మరలన్నీ తిప్పుతాడు, ఇంకో బాక్సు తెచ్చి తగిలిస్తాడు. హమ్ ఇంకా పెరుగుతుంది. చెయ్యి తిరిగినవాడు ఒక్కొక్క కేబులూ పీకుతూ వెళ్తాడు. ఏది పీకినప్పుడు ఆగిందో అదే దొంగ. వైర్ చేసిన పని మొత్తం నాకు అలాగే కనబడుతుంది. ముందు సోలో పీకారు. తర్వాత పల్లవి మళ్లీ మళ్లీ పాడటం పీకారు. ‘పింక్ ఫ్లాగ్’లో పాట ఎప్పుడు ఆగాలన్నదానికి వాళ్ల లెక్క ఒక్కటే: రాసిన మాటలు అయిపోతే పాట అయిపోయినట్టే. ‘ఫీల్డ్ డే ఫర్ ద సండేస్’ 28 సెకన్లు. నేను గడియారం పెట్టి చూశాను, మా కాలేజీలో ముఖ్య అతిథి మైకు మీద తట్టి, హలో హలో అని, వినబడుతోందా అని అడిగేసరికి ఆ పాట అయిపోతుంది. మూడుతంత్రులు గారూ, దాన్ని మధ్యలో వదిలేసిపోవడం అనకండి. చెప్పాల్సింది చెప్పేసి కూర్చోవడం అనండి. మన సభల్లో అది ఎంత అరుదో నాకు తెలుసు.

నలుగురిగా వాళ్ల మొదటి కచేరీ 1977 ఏప్రిల్ 1న, లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఉన్న రాక్సీ అనే క్లబ్బులో. అదృష్టం ఎలా ఉందంటే, ఆ రాత్రీ, మర్నాడు రాత్రీ ఈఎంఐ వాళ్లు అక్కడ రికార్డింగ్ పెట్టుకున్నారు. (ఈఎంఐ అంటే మన నెల వాయిదా కాదు, రికార్డు కంపెనీ.) ఆ రికార్డింగ్ చూస్తున్న మైక్ థోర్న్ వీళ్లని పట్టాడు. రాక్సీ ఆల్బమ్‌లో వీళ్ల పాటలు రెండు పడ్డాయి, ‘లోడౌన్’, ‘12 ఎక్స్‌యూ’. రెండోదాని పేరు బూతుకి బీప్ వేసినట్టన్నమాట, వివరించను. ఆ వెంటనే ఈఎంఐలోనే ఉన్న హార్వెస్ట్ అనే లేబుల్ కింద తీసుకున్నారు. పింక్ ఫ్లాయిడ్ పాత రికార్డులు వచ్చిన లేబుల్ అది. ఏ బ్యాండుల మీద పంక్ వాళ్లు మండిపడేవారో వాళ్ల ఇంట్లోనే వీళ్లకి గది దొరికింది.

ఇక నీ అసలు ప్రశ్న, రెండేళ్లలో అంత తేడా ఎలా? అది రెండేళ్ల తేడా కాదు బాబూ. వాళ్లకొక అలవాటు ఉండేది. రికార్డు బయటికొచ్చేసరికి దాన్ని వదిలేసేవారు. జనం ‘పింక్ ఫ్లాగ్’ పాటలు వినడానికి టికెట్ కొనుక్కుని వస్తే వేదిక మీద తర్వాతి ఆల్బమ్ పాటలు వాయించేవారు. మనం వింటున్నది రెండు మెట్లు, వాళ్లెక్కింది పది మెట్లు. మధ్య మెట్టు ‘చెయిర్స్ మిస్సింగ్’, 1978. నువ్వు దాన్ని దాటేసి దూకావు, అందుకే కాలు బెణికింది. ఆ పేరుకి అర్థం అక్కడి వాడుకలో, మనిషికి బుర్రలో ఒకటి రెండు కుర్చీలు తక్కువ అని. మనం నట్టు లూజు అంటామే, అది. అందులో థోర్న్ నిర్మాతగా ఊరికే కూర్చోకుండా కీబోర్డులు, సింథసైజర్ వాయించాడు. ముందు ఈగ మీద పాట, ‘ఐ యామ్ ద ఫ్లై’, విను. గిటారు శబ్దం ముక్కుతో మాట్లాడుతున్నట్టుంటుంది. తర్వాత ‘హార్ట్‌బీట్’ విను. ఒక్క తీగని అదిమిపెట్టి పెంచుకుంటూ పోతారు, పగులుతుంది పగులుతుంది అనుకుంటాం, పగలదు. ‘154’కి తలుపు అక్కడే తెరుచుకుంది.

భోజనానికి పిలుస్తున్నారు. మిగతాది రాత్రికి.


మియాపూర్_స్ట్రాట్:

సార్, ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. ‘చెయిర్స్ మిస్సింగ్’ పెట్టా ఇప్పుడే. ‘అవుట్‌డోర్ మైనర్’ అనే పాట దగ్గర ఆగిపోయా, నాలుగుసార్లు విన్నా. ఇంత తియ్యటి ట్యూన్ వీళ్లకెలా తట్టింది? మాటలు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. గని కార్మికుడి గురించా?


ఆకుపురుగు:

అగ్రికల్చర్ బీఎస్సీ చేసిన పాపానికి నేను జవాబు చెప్పగల ఒకే ఒక్క ఇంగ్లిష్ పాట ఇది. గని కార్మికుడు కాదు తమ్ముడూ, పురుగు. ఆ పాటలో సర్పెంటైన్ మైనర్ అని వస్తుంది విను. మన రైతులు పాముపొడ అంటారే, టమాటా ఆకు మీద తెల్లగా వంకర టింకర గీతలు, ఎవరో సున్నంతో ముగ్గేసినట్టు. అదే.

చిన్న ఈగ ఆకు లోపల గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు ఆకు పైపొరకీ కిందిపొరకీ మధ్య దూరి పచ్చదనం తింటూ సొరంగం తవ్వుకుంటూ పోతుంది. గీత మొదట్లో దారమంత సన్నగా ఉంటుంది, పోనుపోను వెడల్పవుతుంది. పురుగు పెరుగుతోంది కదా, మరి! ఆకుని వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే చివర్న పసుపుపచ్చగా పురుగు కనబడుతుంది కూడా. పొలంలో నేను అలా ఎత్తిపట్టి చూపిస్తే రైతులు మందు పేరు అడుగుతారు గానీ వీళ్లు పాట కట్టారు. మన దగ్గర ఇప్పుడు కనబడే రకం 1990ల మొదట్లో హైదరాబాదు చుట్టుపక్కల ఆముదం మీద బయటపడింది, పరాయి దేశం నుంచి వచ్చింది. అంటే పాట దేశంలోకి ముందొచ్చిందో పురుగు ముందొచ్చిందో తేల్చడం కష్టం.


ఆడియోరూమ్_మూర్తి:

ఆకుపురుగు గారికి దండం. ఇన్నేళ్లుగా వింటున్నాను, ఆకు ఎత్తిపట్టి చూడాలని తోచలేదు. మా ఇంటావిడ కుండీల్లో టమాటా ఉంది, రేపు చూస్తాను.

ఆ పాటకి ఇంకో కథ ఉంది. ఆల్బమ్‌లో అది నిమిషం ముప్పావే. కంపెనీ వాళ్లు ఇది హిట్ అవుతుంది, కొంచెం పెంచండి అన్నారు. పీకడమే తెలిసినవాళ్లు ఆ ఒక్కసారి అతికించారు, మధ్యలో థోర్న్ పియానో వేసి సాగదీశారు. 1979 జనవరిలో సింగిల్‌గా వచ్చింది, చార్టులో పైకి ఎక్కుతోంది, బీబీసీ టీవీ ‘టాప్ ఆఫ్ ద పాప్స్’లో కనబడబోతున్నారు. అప్పుడు చార్టు లెక్కలు చూసే సంస్థకి అనుమానం వచ్చింది, రికార్డు కంపెనీ వైపు నుంచి అమ్మకాల లెక్కలు పెంచే ప్రయత్నం జరిగిందని ఆరోపణ. టీవీ పిలుపు ఆగిపోయింది. పాట 51 దగ్గర ఆగింది. వైర్‌కి హిట్ పాట అంత దగ్గరికి వచ్చింది ఆ ఒక్కసారే. నిమిషం ముప్పావు పాటే బాగుంటుంది, పెంచింది వద్దు. ఇది నా పక్షపాతం.

1979లో రాక్సీ మ్యూజిక్ బ్యాండు ముందు వాయిస్తూ యూరప్ తిరిగారు. వేరేవాళ్ల కోసం వచ్చిన జనం ముందు రోజూ అదే జాబితా వాయించాలి, వీళ్లకది గిట్టే పని కాదు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ‘154’ వచ్చింది. పేరుకి అర్థం పెద్దదేం కాదు, అప్పటికి వాళ్లు చేసిన కచేరీల సంఖ్య. స్టూడియోలో మాత్రం ఒకవైపు న్యూమన్, థోర్న్, ఇంకోవైపు గిల్బర్ట్, లూయిస్ అన్నట్టుండేది. ట్యూన్ కావాలనేవాళ్లూ, ట్యూన్ ఎందుకనేవాళ్లూ. ఆ లాగులాటే ఆ ఆల్బమ్. ‘ద 15త్’ పక్కన ‘ద అదర్ విండో’ పెట్టి విను, ఒకే ఇంట్లో పొయ్యిలు రెండు వెలుగుతున్నట్టుంటుంది.

తర్వాత 1980 ఫిబ్రవరి 29, క్యామ్‌డెన్‌లో ఎలక్ట్రిక్ బాల్‌రూమ్. ఈ ఒక్క రాత్రి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. ఈఎంఐతో సంబంధం తెగిపోతోంది. వాయించినవి దాదాపు అన్నీ కొత్తవి, ఎవరూ వినని పాటలు. వేదిక మీద గ్యాసు పొయ్యిని సుత్తితో బాదారు. ఒక పాటకి పన్నెండు మంది న్యూస్‌పేపర్లతో చేసిన టోపీలు పెట్టుకొచ్చి తలా ఒకటి వాయించారు. ఒక పాటకి లోపల దీపం వెలిగే బాతుబొమ్మ తోడు. ఇంకోదానికి గాలితో ఊదిన జెట్ విమానం, దానికి కట్టేసిన ఇద్దరు మనుషులు. కింద జనం గోల, పాతవి వాయించండని కేకలు. ‘12 ఎక్స్‌యూ’ ఒక్క ముక్క వాయించి ఆపేశారు. ఇదంతా రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీ వాళ్లు 1981లో ‘డాక్యుమెంట్ అండ్ ఐవిట్‌నెస్’ అని రికార్డుగా వేశారు. మూడుతంత్రులు గారూ, ఇక్కడ మీతో సగం ఒప్పుకుంటాను. చూసినవాళ్లకి అది గుర్తుండిపోయే రాత్రి. చెవులతో మాత్రమే వినేవాళ్లకి పొయ్యి లేదు, బాతు లేదు, శబ్దం కూడా గుడ్డకప్పి తీసినట్టుంటుంది. నేను రెండుసార్లు పూర్తిగా విన్నాను, మూడోసారి వినమని డబ్బులిచ్చినా వద్దు. కానీ సౌండ్ మనిషిగా ఒక్కటి గమనించాను. అందులో కోపంతో అరిచే జనం గొంతులు ఏ పాట కన్నా స్పష్టంగా పడ్డాయి!

ఐదేళ్లు ఎవరి దారి వారిది. న్యూమన్ ‘ఎ టు జెడ్’ అని సొంతంగా చేశాడు, గిల్బర్ట్ లూయిస్ కలిసి డోమ్ అని పెట్టుకుని శబ్దాలతో ఆడుకున్నారు. 1985లో మళ్లీ కలిశారు. షరతు ఒకటి, పాత పాటలు వాయించం. 1987లో అమెరికా వెళ్లినప్పుడు జనం ‘పింక్ ఫ్లాగ్’ కావాలంటారని తెలుసు. అందుకని ఏం చేశారంటే, వైర్ పాటలే వాయించే ఎక్స్ లయన్ టేమర్స్ అనే అమెరికా బ్యాండుని వెంటేసుకెళ్లారు. ముందు వాళ్లు ‘పింక్ ఫ్లాగ్’ వాయిస్తారు, తర్వాత అసలు వైర్ వచ్చి కొత్తవి వాయిస్తుంది. పెళ్లిలో పెళ్లికొడుకు బదులు తోడి పెళ్లికొడుకుతో తాళి కట్టించినట్టు. మా ఆవిడకి చెబితే పావుగంట నవ్వింది.

అప్పటి పాటల్లో ‘డ్రిల్’ ఒకటి వినాలి. ఒకే తాళం, ఒకే స్వరం, డగ డగ డగ. 1991లో ఆ ఒక్క పాటకి రకరకాల రూపాలతో ఆల్బమే వేశారు. ఈలోగా తాళం పని మెషీన్లకి అప్పజెప్పుతూ పోయారు. గోటోబెడ్ చేసే పని తగ్గిపోయింది, 1990లో ఆయన వెళ్లిపోయాడు. నలుగురిలో ఒకడు పోయాడు కాబట్టి ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల పేరులో చివరి అక్షరం తీసేసి మూడక్షరాలు చేసుకున్నారు. పీకి పీకి చివరికి మెయిన్ కేబులే పీకారు అనుకుంటాను నేను. ఆ డ్రమ్స్ చూడటానికి ఏమీ ఉండవు, ఒక స్నేరు, ఒక హైహ్యాటు, తలకాయ అటూ ఇటూ కదలదు. కానీ ఆయన లేకపోతే బ్యాండు నిలబడలేదు, ఒక్క ఆల్బమ్ చేసి ఆగిపోయింది.

2000లో నలుగురూ కలిసి లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో వాయించారు. 2003లో ‘సెండ్’ వచ్చింది, యాభై అటూ ఇటూగా ఉన్న మనుషులు చేసిన అంత కరుకు శబ్దం నేనెరగను. అదే ఏడాది లండన్‌లోనే బార్బికన్ హాల్లో మొండితనం కాస్త సడలి ‘పింక్ ఫ్లాగ్’ మొత్తం వాయించారు. రెండో సగానికి వేదిక కట్టింది ఎస్ డెవ్లిన్. నలుగురినీ నాలుగు పెట్టెల్లో విడివిడిగా నిలబెట్టి, ముందు పల్చటి తెర కట్టి దాని మీద బొమ్మలు వేశారు. ప్రొజెక్టరు పని చేసేవాడిగా ఆ తెర వెనక మనిషినీ ముందు బొమ్మనీ ఒకేసారి కనబడేలా వెలుగు సర్దడం ఎంత తలనొప్పో చెప్పలేను. మరుసటేడు గిల్బర్ట్ వెళ్లిపోయాడు. మా టెక్నీషియన్ వెళ్లాక నాకు ఆసక్తి కొంచెం తగ్గిందని ఒప్పుకుంటాను. మిగతావాళ్లు ఆపలేదు, మాథ్యూ సిమ్స్ అనే కుర్ర గిటారిస్టుని తీసుకున్నారు, 2020లో ‘మైండ్ హైవ్’ కూడా వేశారు.

వినే వరస అడిగావు. ‘చెయిర్స్ మిస్సింగ్’, మళ్లీ ‘154’, తర్వాత ఒక్క దూకు దూకి ‘సెండ్’. 80ల వాటిలో ‘ఎ బెల్ ఈజ్ ఎ కప్’. బాల్‌రూమ్ రికార్డు ఆఖర్న, ఇంట్లో ఎవరూ లేనప్పుడు.


మొక్కజొన్నల_మధ్య:

మూర్తి గారూ, ‘154’లో ‘మ్యాప్ రెఫ్’ని ఒక్క మాట కూడా అనకుండా దాటేశారు, అందుకే వచ్చాను. మాది తెనాలి. పదకొండేళ్లుగా అయోవా రాష్ట్రంలో డెమోయిన్‌లో ఉంటున్నాం. ఆ పాట పేరులో ఉన్న 41 డిగ్రీల ఉత్తరం, 93 డిగ్రీల పశ్చిమం ఎక్కడో మ్యాప్‌లో కొట్టి చూస్తే మా ఇంటి నుంచి గంటన్నర లోపే! ఆల్బియా అనే చిన్న ఊరికి పడమరగా. పోయినేడు అక్టోబర్‌లో ఒక శనివారం మా వారినీ పిల్లాడినీ బయల్దేరదీశాను. అక్కడ ఏముంది అని మా వారు. ఏమీ లేదు, అందుకే వెళ్తున్నాం అన్నాను.

నిజంగానే ఏమీ లేదు. కోతలైన సోయా చేలు, ఆవుల కోసం వేసిన ముళ్లకంచె, కంకర రోడ్డు. ఫోన్‌లో అంకెలు ఆ బిందువు దగ్గరికి వస్తున్నాయి గానీ అది కంచె అవతల ఎవరిదో పొలంలో పడింది, రోడ్డు మీదే నిలబడి చూశాం. పాట రాసింది లూయిస్. భూమి మీద ఎవరో కనబడని స్కేలుతో గీతలు గీసినట్టు ఉంటుంది అందులో. విమానంలోంచి ఈ మిడ్‌వెస్ట్‌ని చూసినవాళ్లకి అది కవిత్వం కాదు, ఉన్నదున్నట్టు చెప్పడం. దేశం కొత్తలో సర్వే చేసినప్పుడు ఈ నేలంతా మైలుకి మైలు చదరాలుగా కోశారు. రోడ్లన్నీ ఆ గీతల మీదే. ఒక చోట మాత్రం తిన్నటి రోడ్డు ఉన్నట్టుండి పక్కకి మళ్లి మళ్లీ తిన్నగా పోతుంది. కొండ లేదు, వాగు లేదు, ఎందుకు మళ్లిందో తెలియదు. మా పిల్లాడు అడిగితే ఇంటికొచ్చి చదివాను. భూమి గుండ్రం కదా, ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి, చదరాలు చదరాలుగా మిగలవు. అందుకని కొన్ని మైళ్లకోసారి లెక్క సరిచేసి గీత జరుపుతారు, రోడ్డు అక్కడ వంకర తిరుగుతుంది.

కారులో ఆ పాట పెట్టాను. పల్లవి వచ్చినప్పుడు మా వారు "ఇది మామూలు పాటలాగే ఉందే" అన్నారు. అవును, ఆ ఆల్బమ్‌లో అంత చక్కగా పాడుకోదగ్గ పల్లవి ఇంకోటి లేదు, న్యూమన్ కూడా పల్లవి వచ్చేముందు ‘కోరస్’ అని గట్టిగా చెప్పి మరీ మొదలెడతాడు. మూర్తి గారు పల్లవి పీకేశారన్నారు. ఇక్కడ బోర్డు పెట్టి మరీ తెచ్చారు.


ఆడియోరూమ్_మూర్తి:

అమ్మా, ఒప్పుకున్నాను. ఆ కోరస్ అనే కేక నాకు ఎప్పుడూ వెక్కిరింపులాగే వినబడేది, ఇప్పుడు బోర్డులా వినబడుతోంది. ఆ వంకర రోడ్డు ఫోటో ఉంటే పెట్టండి.

కుండీలో టమాటా చూశాను. రెండు ఆకుల మీద గీతలున్నాయి. మా ఆవిడ తెంపి పారేస్తానంటోంది, రెండ్రోజులు ఆగమన్నాను.


మూడుతంత్రులు:

గ్యాసు పొయ్యి కోసం వింటా ఆ బాల్‌రూమ్ రికార్డు. నచ్చకపోతే మూర్తి గారి ఖాతాలో.


మియాపూర్_స్ట్రాట్:

మా డ్రమ్మర్‌కి ఈ థ్రెడ్ మొత్తం చూపించా. "మనుషులు ఒకళ్లే, బ్యాండు వేరే" అన్న మొదటి రిప్లై పట్టుకుని సగం నేనే గెలిచానంటున్నాడు. సింగిల్ బిర్యానీ తెప్పించి సగం వాడే తిన్నాడు.

నిన్న ప్రాక్టీస్‌లో మా సొంత పాట ఒకటి తీసి, మాటలు అయిపోయిన చోట ఆపి చూశాం. నాలుగున్నర నిమిషాల పాట నిమిషం 50 సెకన్లకి వచ్చింది. నా సోలో మొత్తం పోయింది. మా బేసిస్టు చాలా బాగుందంటున్నాడు, నాకింకా కడుపు మండుతోంది. మూర్తి సార్, జార్జ్ గిల్ తర్వాత ఏం చేశాడో తెలుసా?